సక్సినైల్‌కోలిన్ పట్టుకునే ముందు

తిరుపతి

చిట్టితల్లీ,

అనస్థీషియా పీజీలో చేరావు కాబట్టి ఇది ముందే రాస్తున్నా. ట్యూబ్ వేసేందుకు కండరాలను కాసేపు కదలకుండా చేసే మందు సక్సినైల్‌కోలిన్. అదీ ఒక కోలిన్ ఎస్టరే, అంటే కోలిన్‌కు ఆసిడ్ అతికిన అణువు. కోలిన్ ఎస్టర్లన్నిటికీ ఒక కొసన కోలినే ఉంటుంది. తేడా అంతా రెండో కొసనున్న ఆసిడ్ ముక్కది. ఏ ఎంజైమ్ తుంచుతుందో ఎక్కువగా తేల్చేది అదే.

నరం కొసనుండే అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌లో ఆసిడ్ ముక్క కూర్చునే గుంతకు ఫినైల్‌అలనిన్ అనే పెద్ద అమైనో ఆసిడ్లు రెండు అడ్డుంటాయి. రెండు కార్బన్ల అసిటైల్ ఇట్టే ఇముడుతుంది. నాలుగు కార్బన్ల బ్యూటిరైల్‌కు దాదాపు చోటే లేదు. లివర్ తయారుచేసి ప్లాస్మాలోకి వదిలే బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్‌లో వాటి బదులు చిన్నవైన లూసిన్, వాలిన్ ఉంటాయి, గుంత వెడల్పు. అందుకే బ్యూటిరైల్, బెంజాయిల్, సక్సినైల్ దానికి పడతాయి. కార్బకాల్ అనే కోలిన్ ఎస్టర్ మందు మాత్రం రెంటికీ లొంగదు.

సక్సినైల్‌కోలిన్ అంటే రెండు అసిటైల్‌కోలిన్లు అతికినట్టు ఉండే అణువు. నరం దగ్గరి ఎంజైమ్ దాన్ని తుంచలేదు. కిలోకు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు ఇస్తే, చాలావరకు కండరాన్ని చేరకముందే ప్లాస్మాలో తెగిపోతుంది. మిగిలిందే పనిచేస్తుంది, అదీ 5-10 నిమిషాలు. ప్లాస్మా ఎంజైమ్ పుట్టుకతోనే లోపించినవాళ్లకు అది గంటలు పడుతుంది. అప్పుడు కంగారుపడి, వేరే సడలింపు మందులకు విరుగుడుగా వాడే నియోస్టిగ్మిన్ ఇవ్వకు, అది ఈ ఎంజైమ్‌నూ అడ్డుకుంటుంది. వెంటిలేటర్ మీదే ఉంచు, మత్తు తగ్గనివ్వకు. కదలలేని మనిషికి మెలకువ రావడం ఎంత నరకమో ఆలోచించు! నరానికి వరుసగా నాలుగు చిన్న షాకులిచ్చి కండరాన్ని పరీక్షించే నర్వ్ స్టిములేటర్‌కు నాలుగు కదలికలూ బలంగా వచ్చాకే ట్యూబ్ తియ్యి.

మన తెలుగు వైశ్య కుటుంబాల్లో ఈ లోపం ఉన్నట్టు వైద్య పత్రికల్లో నమోదైంది. కులం చూసి కాదు, ప్రతి ఒక్కరినీ అడుగు: ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యమైందా అని.

డిబుకైన్ అనే మందు ప్లాస్మా ఎంజైమ్‌ను ఎంత శాతం అడ్డుకుందో చెప్పేది డిబుకైన్ నంబర్. అది 80 దగ్గరుంటే ఎంజైమ్ మామూలుదే. 60 దగ్గరుంటే ఒక జన్యువు, 20 దగ్గరుంటే రెండూ తేడా. నంబర్ 80 ఉండి ఎంజైమ్ మొత్తమే తక్కువగా వస్తే గర్భమా, లివర్ జబ్బా అని చూడు. ఎంజైమ్ దాదాపు సున్నా అయితే ఆ నంబర్‌కు అర్థమే లేదు.

పలమనేరు వైపు టమాటా తోటల్లో ఈ ఎంజైమ్‌లను అడ్డుకునే పురుగుమందు కొట్టి పడిపోయినవాళ్ల రిపోర్టులో సీరం కోలినెస్టరేజ్ అని ఉంటుంది. పరీక్ష కిట్‌లో ఎంజైమ్ తుంచడానికి పెట్టిన రసాయనం బ్యూటిరైల్‌థయోకోలిన్ అయితే కొలిచింది ప్లాస్మా ఎంజైమ్‌నే. నరం దగ్గరి ఎంజైమ్ సంగతి దగ్గరగా చెప్పేది ఎర్రకణాల పరీక్ష.

ఎంజైమ్ లోపమున్నవాళ్లకు దాత ప్లాస్మా ఎక్కించాల్సి వస్తే రక్తం శాంపిల్ అంతకు ముందే తీసుకో. ఎక్కించాక కొలిస్తే దాత ఎంజైమ్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

అమ్మ