చదరంగం గింజల లెక్కలో చివరి అంకెలు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో చదరంగం, బియ్యపు గింజల కథ వేశారు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, అలా 64 గడులకూ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం 18446744073709600000 గింజలవుతాయని రాశారు. అది తప్పండీ. మా అన్నయ్య కూతురు, ఎనిమిదో తరగతి, ఇడ్లీ తింటూ పేపర్ చూసి "బాబాయ్, చివర సున్నా ఎలా వస్తుంది? మొదటి గడిలో గింజ ఒక్కటే, మిగతావన్నీ సరి సంఖ్యలే కదా, మొత్తం బేసి రావాలిగా" అంది. పెన్ను కూడా పట్టుకోలేదు.

అసలు లెక్క 1,84,46,74,40,73,70,95,51,615. అంటే లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్ల పైచిలుకు. మీ దగ్గర తప్పు ఎక్కడ దొర్లి ఉంటుందో నేను ఊహించగలను, ఎందుకంటే అకౌంట్స్ పని నాది, రోజంతా ఎక్సెల్‌తోనే. అది 15 అంకెలే గుర్తుపెట్టుకుంటుంది, ఆ తర్వాతవన్నీ సున్నాలు చేసేస్తుంది. 16 అంకెల కార్డు నంబరు మామూలుగా కొట్టి చూడండి, చివరి అంకె సున్నా అయిపోతుంది.

ఇరవై అంకెల్లో చివరి నాలుగైదు పోతే ఏమైందిలే అనుకోవచ్చు. బియ్యం తూచడానికైతే ఏమీ కాదు. కానీ పిల్లలు సొంతంగా సరిచూసుకోగలిగేది ఆ చివరి అంకెలతోనే. 2ని 2తో గుణిస్తూ పోతే చివరి అంకె 2, 4, 8, 6 అని తిరుగుతూ ఉంటుంది, 64వ ఘాతం దగ్గర 6 వస్తుంది. మొత్తం గింజలు ఆ 64వ ఘాతం కంటే సరిగ్గా ఒకటి తక్కువ, అందులోంచి ఒకటి తీస్తే 5. కాబట్టి ఈ సంఖ్య 5 ఎక్కంలో పోతుంది. అంకెలన్నీ కూడితే 87, కాబట్టి 3 ఎక్కంలోనూ పోతుంది. అక్కడితో ఆగదు. హైస్కూల్లో బట్టీ పట్టిన ఏ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్ సూత్రం ఒక్కటే మళ్లీ మళ్లీ వాడితే చాలు, ఈ కొండంత సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297ల లబ్ధంగా విడిపోతుంది. నాకైతే ఇది గింజల గుట్ట కంటే ఎక్కువ ఆశ్చర్యం. ఈ వరుసలో ఒక్కోదాంట్లోంచి ఒకటి తీసి, వర్గం చేసి, ఒకటి కలిపితే తర్వాతది వస్తుంది. ఇలా వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. మొదటి ఐదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు, ఆరోది మాత్రం 641తో పోతుందని ఆయిలర్ అనే మరో గణితవేత్త 1732లో చూపించాడు.

ఆ సాయంత్రం మా పిల్ల ఆ భాగహారం చేసింది. శేషం 2 వచ్చాక 6 దింపితే 26, ఇంకో అంకె దింపితే 267, రెండు చోట్లా భాగఫలంలో సున్నా పెట్టాలి. ఒక సున్నా మర్చిపోయింది, కొట్టేసి మళ్లీ మొదలుపెట్టింది. చివరికి 4487 మిగిలింది, అది సరిగ్గా ఏడు 641లు. భాగఫలం 6700417, శేషం లేదు. నోట్‌బుక్ పట్టుకుని వంటింట్లో ఉన్న వాళ్లమ్మ దగ్గరికి పరిగెత్తింది.

సవరణ వేయండి సార్. ఎక్కడో మూలన చిన్న అక్షరాల్లో కాదు, అదే పిల్లల పేజీలో, ఇరవై అంకెలూ కామాలతో సహా. పక్కనే 4294967297ని 641తో భాగించి చూడమని కూడా రాయండి, జవాబు మాత్రం ఇవ్వకండి.

ఇట్లు,
మీ పాఠకుడు, తెనాలి