అటక మీది క్యాసెట్టు పారెయ్యకు

కొలంబస్, ఒహాయో
ఆదివారం రాత్రి

అక్కా,

నువ్వు పంపిన ఫొటో చూశాను. అటక మీంచి దించిన ట్రంకు పెట్టె, పక్కన చీపురు, కింద "ఇవన్నీ పారేస్తున్నా, ఏమైనా కావాలంటే ఇవాళే చెప్పు" అని నీ మెసేజ్. కంగారుగా "ఆగు" అని ఒక్క ముక్క కొట్టాను గానీ, ఎందుకు ఆగాలో వాట్సాప్‌లో చెప్తే నువ్వు సగం చదివి బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేస్తావు. అందుకే ఉత్తరం. కంటి ఆపరేషన్ అయ్యాక అమ్మకి చదవడం కష్టంగా ఉందన్నావుగా, నువ్వే చదివి వినిపించు. మధ్యలో కొంత మాత్రం నీ ఒక్కదానికే. అక్కడికొచ్చాక నీకే తెలుస్తుంది.

నీ పెళ్లి క్యాసెట్లు బావగారు ఎప్పుడో కంప్యూటర్‌లోకి ఎక్కించేశారు కాబట్టి వాటి గురించి నాకు బెంగ లేదు. కూచిపూడి క్యాసెట్టు, నా పదో తరగతి సన్మానం, ఇంకా ఏవేవో, నీ ఇష్టం. "లేత మనసులు" క్యాసెట్టు ఒక్కటీ పక్కన పెట్టు. నల్ల డబ్బా. వెన్ను మీద నాన్న ఎర్ర ఇంకుతో పేరు రాసి, కింద "అమ్మది, ముట్టరాదు" అని గీత గీశారు.

ఈ సినిమా నన్ను అమెరికాలో ఎలా పట్టుకుందో నీకు పూర్తిగా చెప్పినట్టు లేదు. 1998లో వైటూకే (2000 తేదీకి కంప్యూటర్లు తప్పుతాయేమోనన్న భయం) పుణ్యమా అని వచ్చానా, ప్రాజెక్టు దొరక్క గెస్ట్‌హౌస్‌లో ఆరుగురం పడి ఉండేవాళ్లం. చలి మొదలయ్యాక ఒక శనివారం, కారున్న ఒకడు మమ్మల్ని పాత సినిమాలు చవగ్గా వేసే హాలుకి తీసుకెళ్లాడు. అక్కడ ఆడుతున్నది "ది పేరెంట్ ట్రాప్". పావుగంట గడిచేసరికి నేను కుర్చీ అంచుకి జరిగాను. అచ్చు గుద్దినట్టు ఇద్దరు ఆడపిల్లలు, ఒకత్తె తండ్రి దగ్గర, ఒకత్తె తల్లి దగ్గర. కలుసుకున్నారు, చోట్లు మార్చుకున్నారు. "ఒరేయ్, ఇది లేత మనసులురా!" అని పైకే అనేశాను. పక్కనున్న మధురై కుర్రాడు "కాదు, కుళందైయుమ్ దైవముమ్" అన్నాడు. అవతలి కాన్పూర్ అతను "దో కలియాఁ" అన్నాడు. ముందు వరసలో పెద్దావిడ వెనక్కి తిరిగి చూసేదాకా పోట్లాడుకున్నాం.

తీరా చూస్తే ముగ్గురిదీ నిజమే. 1965లో ఏవీఎం వాళ్లు కృష్ణన్-పంజు దర్శకత్వంలో తమిళంలో తీశారు. మరుసటి ఏడాది హరనాథ్, జమునలతో మన తెలుగులోకి వచ్చింది. 1968లో హిందీ. కవలలుగా తమిళంలోనూ తెలుగులోనూ కుట్టి పద్మిని, హిందీలో చిన్నప్పటి నీతూ సింగ్. ఈ మూడింటికీ మూలం 1961లో డిస్నీ వాళ్లు తీసిన పాత "పేరెంట్ ట్రాప్". నేను హాల్లో చూసింది దానికి కొత్త రూపం. ఆ పాతది కూడా సొంత సరుకేం కాదులే, 1949లో ఎరిక్ కేస్ట్‌నర్ అనే జర్మన్ రచయిత పిల్లల కోసం రాసిన నవల. అమ్మ తణుకులో చెంగుతో కళ్లొత్తుకున్న కథ జర్మనీలో పుట్టి, అమెరికా మీదుగా మద్రాసు చేరి, అక్కడ తెలుగు నేర్చుకుని మనింటికొచ్చింది.

ఆ పాత సినిమా కోసం వెతికితే ఒక వీడియో అద్దె షాపు వాడు అమ్మేస్తున్న పాత క్యాసెట్ల గంపలో దొరికింది, మూడు డాలర్లకి. డిస్నీ క్యాసెట్ల డబ్బా మన డబ్బాల్లా అట్టది కాదు. లోపలి క్యాసెట్టు కంటే బాగా పెద్దగా, తెల్లటి ప్లాస్టిక్‌తో, పుస్తకంలా తెరుచుకుంటుంది. తెరిచినప్పుడు పటపటమని ఒక చప్పుడు. ఇక్కడ మా ఆఫీసులో నా ఈడువాళ్లకి ఆ చప్పుడు వినిపిస్తే చాలు, ముప్ఫై ఏళ్లు వెనక్కి వెళ్లిపోతారు. పిల్లలు నమిలిన మూలలు, జిగురు మరకలు, "రీవైండ్ చేసి ఇవ్వండి" అని షాపు వాడి స్టిక్కరు, అన్నీ ఉన్నాయి.

తమాషా ఏంటంటే, ఈ క్యాసెట్లు అమ్మిన కంపెనీయే మొదట్లో ఇంట్లో వీడియో రికార్డింగ్ మీద కోర్టుకెక్కింది. 1976లో యూనివర్సల్ వాళ్లతో కలిసి సోనీ మీద దావా. ఇంట్లో టీవీ సినిమా రికార్డు చేసుకుంటే అది దొంగతనమే అని వాదన. 1984 జనవరిలో సుప్రీం కోర్టు అయిదుగురు అటు, నలుగురు ఇటుగా చీలి, తర్వాత చూసుకోవడానికి చేసుకుంటే తప్పు లేదని తేల్చింది. దావా నడుస్తుండగానే, 1980లో, డిస్నీ తన సినిమాలనీ క్యాసెట్ల మీద వదలడం మొదలెట్టింది! అయితే బొమ్మల సినిమాల్లో బంగారం లాంటివి బయట పెట్టలేదు. వాటిని కొన్నేళ్లకోసారి హాళ్లలో మళ్లీ విడుదల చేస్తే కొత్తగా పుట్టిన పిల్లలు మళ్లీ టిక్కెట్లు కొంటారు కదా. ముందు వదిలిన వాటిలో మనుషులు నటించినవి ఎక్కువ: తనంతట తాను నడిచే 53 నంబరు ఫోక్స్‌వ్యాగన్ కారు కథ "ది లవ్ బగ్", 1954 నాటి "20,000 లీగ్స్ అండర్ ద సీ" లాంటివి. అంటే పెద్ద నగలు లాకర్లో దాచి, రోజువారీ గాజులు పిల్లలకిచ్చిందన్నమాట. నాకు ఆ గాజులే నచ్చాయి.

"20,000 లీగ్స్" క్యాసెట్టు కూడా కొన్నాను గానీ అది టీవీలో చూడకూడని సినిమా. సినిమాస్కోప్‌లో తీశారు, ఆ వెడల్పు అంతా అప్పటి టీవీ చతురస్రంలో పట్టదు. అందుకని రెండు పక్కలా కోసేశారు. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకడి ముక్కు, ఇంకొకడి చెవి. "అల్లూరి సీతారామరాజు" హాల్లో చూసొచ్చి, తర్వాత టీవీలో వేస్తే నాన్న లేచి వెళ్లిపోయేవారు గుర్తుందా, "సగం సైన్యాన్ని కోసేశార్రా" అని? అదే బాధ. ఇంకో సంగతి. మూల రచయిత జూల్స్ వెర్న్ తర్వాతి నవలలో ఆ జలాంతర్గామి కెప్టెన్ నెమో మనవాడే అని తేలుస్తాడు, బుందేల్‌ఖండ్ రాజకుమారుడు. సినిమాలో మాత్రం గడ్డం పెట్టుకున్న ఇంగ్లీషాయన. బావగారికి చెప్పు, ఇలాంటివి ఆయనకిష్టం.

ఇంతకీ పాత పేరెంట్ ట్రాప్. హేలీ మిల్స్ అనే పధ్నాలుగేళ్ల పిల్ల ఇద్దరుగా నటించింది. తెరని సగం సగంగా తీసి అతికించడం, వీపు కనిపించే చోట ఇంకో అమ్మాయిని నిలబెట్టడం, మన డబుల్ యాక్షన్ సినిమాలు చూసినవాళ్లకి కొత్తేం కాదు. కాబోయే సవతి తల్లిని అడవికి తీసుకెళ్లి, కాళ్లకి తేనె రాసి ఎలుగుబంటి పిల్లలతో నాకిస్తారు. నేను పగలబడి నవ్వాను. కానీ ఒక్కచోట కూడా ఏడుపు రాలేదు. మనదాన్లో దేవుడి ముందు పాట రాగానే అమ్మకే కాదు, పాలవాడికి కూడా కళ్లు తడిసేవి. అమెరికా వాళ్లకి పిల్లలు తెలివైనవాళ్లు. మనకి పిల్లలూ దేవుడూ ఒకటే. ఆ తేడా ఆ తమిళ పేరులోనే ఉంది, బిడ్డా దైవమూ అని.

అమ్మకి చూపిద్దామని ఆ క్యాసెట్టు ఒకాయన చేత పంపాను గుర్తుందా? ఇక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్ అని, తెర మీద బొమ్మ గీసే గీతల లెక్క వేరని, 525కీ 625కీ పొత్తు కుదరదని నాకప్పుడు తెలీదు. ఇంజినీరింగ్ చదివి కూడా! బొమ్మ కింద నుంచి పైకి దొర్లుతూనే ఉందిట, రంగు లేదుట. అమ్మ ఫోన్‌లో "అదీ తెలుపు నలుపేరా, పాపం" అంది. ఆ సినిమా రంగుల్లో తీశారమ్మా, ఇన్నేళ్లకి చెప్తున్నాను. తర్వాత 2002లో డీవీడీ వచ్చింది, రెండు డిస్కులది, హేలీ మిల్స్ పెద్దయ్యాక చెప్పిన కబుర్లతో సహా. అదీ పంపాను. ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో డిస్కు మీద ఒక రీజియన్ నంబరు ఉంటుంది, అమెరికాకి ఒకటి, ఇండియాకి అయిదు. మనింట్లో ప్లేయరు మింగింది, గరగరమంది, బయటికి కక్కేసింది. రెండుసార్లు బోల్తా పడ్డాక నేను మళ్లీ ప్రయత్నించలేదు.

ఇక్కడి నుంచి నీకు. అమ్మకి వద్దు.

ఆ "లేత మనసులు" క్యాసెట్టు మొదట్లో గవాస్కర్ ఎందుకున్నాడో ఇప్పుడు చెప్పేస్తాను. కువైట్ బాబాయి వీసీఆర్ తెచ్చిన రెండేళ్లకి, 1987 రిలయన్స్ కప్పు. అక్టోబర్ 31, నాగపూర్, న్యూజిలాండ్ మీద. గవాస్కర్ వన్డేల్లో కొట్టిన ఒకే ఒక్క సెంచరీ అది, అక్కా. అలా జరగబోతోందని నాకేం తెలుసు, కానీ ఆయన కొడుతున్న తీరు చూసి చేతికందిన క్యాసెట్టు తోసేశాను. క్యాసెట్టు వెన్ను మీద ఒక మూల చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది చూడు, అది విరిచేస్తే ఇక రికార్డు పడదు. అమ్మ జాగ్రత్తగా కత్తిపీట మొనతో విరిచి పెట్టుకుంది. నేను ఆ కంత మీద సెల్లో టేపు అంటించి మిషన్‌ని మోసం చేశాను. నలభై నిమిషాల సినిమా పోయింది. అమ్మ అడిగినప్పుడు నాన్న పేపరు దించకుండానే "నేనే ఏదో నొక్కి ఉంటాను" అన్నారు. నాన్నకి క్రికెట్ అంటే గిట్టదని ఆ ఇంట్లో తెలియనివాళ్లు ఎవరు? అమ్మ నా వంక ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. అంతే.

అప్పట్నుంచీ మనింట్లో ఆ సినిమా గవాస్కర్ బ్యాటు ఎత్తడంతో మొదలయ్యేది. రెండు క్షణాలు చీమలు, ఆ వెంటనే పెద్దయిన కవలలు. అమ్మానాన్నలు ఎందుకు విడిపోయారో సినిమాలో లేదు. అందుకని వేసిన ప్రతిసారీ, క్రికెట్ ముందుకి తిరుగుతుండగా, అమ్మ నోటితో ఆ నలభై నిమిషాలూ చెప్పేది. పిన్ని పిల్లలు, పక్కింటి పిల్లలు, అందరం చుట్టూ. నాకెంత బాగుండేదంటే, అసలు సినిమాకన్నా అదే ఎదురుచూసేవాణ్ణి.

మొన్నీమధ్య మా అమ్మాయికి చూపిద్దామని పూర్తి సినిమా చూశాను. అందులో పెత్తనం చేసే అత్తగారు సాధించేది అల్లుణ్ణి. అమ్మ చెప్పిన కథలో అత్తగారు కోడల్ని సాధించేది! పాలు పొంగితే ఒక మాట, పుట్టింటి నుంచి ఉత్తరం వస్తే ఒక మాట, తాళంచెవుల గుత్తి నడుముకే. అవేవీ సినిమాలో లేవు. అవి ఎవరి మాటలో నీకు చెప్పక్కర్లేదు. నాయనమ్మ పక్కగదిలో పడుకుని ఉండగానే అమ్మ మనకి చెప్పేది.

ఇక మళ్లీ అందరికీ.

సినిమా ఫోన్‌లోనే దొరుకుతుంది కదరా అంటావు. దొరికింది, చూశాను, అందుకే చెప్తున్నాను. నాకు కావాల్సింది ఆ క్యాసెట్టే. ఇప్పుడు దాన్ని ఏ మిషన్‌లోనూ పెట్టొద్దు. డబ్బా తెరిచి, టేపు చుట్ట మీద తెల్లగా బూజులాగా ఉందేమో చూడు. తణుకు తేమకి ఉండే ఉంటుంది. ఉంటే అస్సలు తిప్పకండి, బూజు మిషన్ తలకి అంటుకుంటే టేపు చిరుగుతుంది. గుడ్డతో తుడవడం, ఎండలో పెట్టడం కూడా వద్దు. పుస్తకంలా నిలబెట్టి ఉంచు, పడుకోబెట్టకు. స్పీకర్ల దగ్గర పెట్టకు. వీసీఆర్లు తయారుచేసే ఆఖరి జపాన్ కంపెనీ కూడా 2016లో ఆపేసింది. ఇక్కడ నాకు తెలిసినాయన దగ్గర పాల్, ఎన్‌టీఎస్‌సీ రెండూ ఆడే పాత మిషన్ ఉంది, ఆయన శుభ్రం చేసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానన్నాడు. సంక్రాంతి తర్వాత మా ఆఫీసు అబ్బాయి హైదరాబాద్ నుంచి వస్తున్నాడు. చేతి సంచిలో పెట్టుకోమని చెప్పాను, సూట్‌కేసులో వద్దు.

ఇంకొక్క పని. ఇల్లు అద్దెకిచ్చి అమ్మని రాజమండ్రి తీసుకెళ్లాక, ఓ మధ్యాహ్నం ఖాళీ చూసుకుని ఫోను పక్కన పెట్టి, రికార్డింగ్ నొక్కి, ఆ మొదటి నలభై నిమిషాలూ అమ్మ చేత చెప్పించు. సినిమాలో ఏముందో చెప్పమనకు. మనకి చెప్పేది చెప్పమను. తాళంచెవుల గుత్తి దగ్గర మర్చిపోతే నువ్వు అందించు, నీకన్నీ గుర్తుంటాయి. మధ్యలో కుక్కర్ విజిల్ వచ్చినా ఆపకు. క్యాసెట్టు ఇక్కడికి చేరాక గవాస్కర్‌ని అలాగే ఉంచి, ఆయన బ్యాటు ఎత్తాక దాన్ని అతికిస్తాను.

నీకు మాత్రమే అన్న భాగం ఎలాగూ నువ్వు అమ్మకి చదివేసి ఉంటావు, నీ సంగతి నాకు తెలుసు. అమ్మ ఏమందో రాయి.

నీ తమ్ముడు,
చిన్నా