గూడెంలోనే ఉంటున్నాం, దారి సంగతి చూడండి

సంపాదకుడికి,

అయ్యా,

ఏజెన్సీలో పనిచేసే ఉపాధ్యాయులు, ఆరోగ్య సిబ్బంది స్థానికంగా ఉండటం లేదని, పట్నం నుంచి వచ్చిపోతున్నారని ఏటా వానాకాలంలో విమర్శలు వస్తుంటాయి. అందులో నిజం లేకపోలేదు. మొదటి రెండేళ్లు నేనూ అలాగే వచ్చిపోయాను. తర్వాత కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా గుట్టల్లో, నేను పాఠాలు చెప్పే కొలాం గిరిజనుల గూడెంలోనే ఒకరి ఇంటి వసారాకు తడికలు కట్టించుకుని ఉంటున్నాను.

మా గూడెం నుంచి తారు రోడ్డుకు రెండున్నర కిలోమీటర్లు కూడా లేదు. మధ్యలో రెండు వాగులున్నాయి. వేసవిలో మోటారు సైకిలు మీద పది నిమిషాల దారి. జూలైలో ముసురు పట్టిందా, ఇక వాగు ఎప్పుడు తీస్తే అప్పుడే ప్రయాణం. నిరుడు నొప్పులు పడుతున్న ఒక ఆడపడుచును ఎడ్లబండిలో వాగు దాకా తెచ్చి, అక్కడి నుంచి మంచం మీద నలుగురం మోశాం. అవతలి ఒడ్డున 108 వాహనం లైట్లు కనిపిస్తున్నాయి. బిడ్డ ఇవతలే పుట్టింది. తల్లీబిడ్డలు క్షేమం. కనుకనే ఆ సంగతి ఏ పత్రికకూ ఎక్కలేదు.

దారి ఎందుకు వేయరని అడిగితే, అటవీ అనుమతి లేదంటారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) దీనికి దారి చూపింది. బడి, అంగన్‌వాడీ, తాగునీరు, రోడ్డు వంటి పదమూడు రకాల ప్రభుత్వ వసతులకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం దీనికి అడ్డు కాదని ఆ సెక్షన్‌లోనే ఉంది. లెక్కల మాస్టారిని కాబట్టి లెక్క కట్టాను: నాలుగు మీటర్ల వెడల్పున 2.4 కిలోమీటర్ల దారికి 9,600 చదరపు మీటర్లు పడుతుంది. హెక్టారంటే 10,000. చెట్లు కొట్టే పని కూడా పెద్దగా లేదు, తాతల నాటి బండ్ల బాట ఉండనే ఉంది.

పులి తిరిగే అడవి కదా అనేవారున్నారు. తిరుగుతుంది, అడుగులు నేనూ చూశాను. ఎడ్లబండి తిరిగే బాట మీద రెండు కల్వర్టులు కడితే దానికి వచ్చే ఇబ్బంది ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

మా గ్రామసభ తీర్మానం చేసి మూడేళ్లయింది. ఫైలు ఒకసారి పటం సరిగా లేదని వెనక్కి వచ్చింది. పటం సరిచేసి పంపేసరికి అధికారి మారారు, మళ్లీ మొదటికి వచ్చింది. సెక్షన్ 3(2) కింద ఏ గూడెం దరఖాస్తు ఎవరి బల్ల మీద ఎన్ని నెలలుగా ఉందో మండలాల వారీగా ప్రకటించాలని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను. రోడ్డుకు నిధులు ఆలస్యమైతే ముందు కల్వర్టులైనా కట్టండి. సిబ్బంది ఎక్కడ ఉంటున్నారనే లెక్క ఆ తర్వాత తీయండి, నేనే దగ్గరుండి చూపిస్తాను.

తీర్మానం నకలు నా దగ్గర ఉంది. కావలసిన అధికారులకు తెచ్చి ఇస్తాను, వాగు తీశాక.

— ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు,
కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా