తెరవని 1962 నివేదిక

సంపాదకుల వారికి,

1962 చైనా యుద్ధంపై వచ్చే వ్యాసాలు చాలావరకు నెహ్రూ, నాటి రక్షణమంత్రి కృష్ణమీనన్‌ల తప్పొప్పుల దగ్గరే ఆగిపోతున్నాయి; యుద్ధరంగంలో జరిగిన వైఫల్యాల దాకా రావడం లేదు. అక్టోబరు 20 తెల్లవారుజామున చైనా సేనలు దాడికి దిగేనాటికి నేటి అరుణాచల్ ప్రదేశ్ సరిహద్దులోని థాగ్ లా శిఖరశ్రేణి వారి చేతిలో ఉండగా, దాని దిగువన నామ్‌కా చు వాగు వెంబడి మన 7వ బ్రిగేడును పలుచగా పరచి నిలబెట్టారు. చలిబట్టలు చాలక, తూటాలు కొరతై, విమానాలు జారవిడిచే మూటలే దిక్కైన ఆ జవాన్లు గంటల్లోనే చెల్లాచెదురయ్యారు. అక్కడ నిలవలేమని ఆ బ్రిగేడు అధిపతి బ్రిగేడియర్ దాల్వీ ముందే మొరపెట్టుకున్నా, వెనక్కి తగ్గేందుకు పైనుంచి అనుమతి రాలేదు. నవంబరులో అదే ప్రాంతంలోని సే లా వంటి ఎత్తయిన కనుమ పెద్ద పోరు లేకుండానే చేజారడం మరీ విడ్డూరం. ఈ వైఫల్యాలపై సైన్యమే విచారించి రాసిన హెండర్సన్ బ్రూక్స్–భగత్ నివేదికను, ఏ పార్టీ ఏలినా సరే, ప్రభుత్వాలు అధికారికంగా వెల్లడించలేదు. దాన్ని పూర్తిగా పార్లమెంటు ముందుంచాలి.

– ఒక పాఠకుడు