హెచ్చరిక ఒడ్డు దాటి పడవ దాకా రావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను కోనసీమ తీరంలో ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవానికి మా ఏడో తరగతి పిల్లలు ‘అంతరిక్ష పరిశోధన మనకు ఏమిచ్చింది?’ అని చార్టు తయారుచేశారు. నాన్‌స్టిక్ పెనం బొమ్మ, మెత్తటి పరుపు బొమ్మ అతికించారు. పరుపు సంగతి నిజమే, 1960లలో విమానం సీట్ల కోసం నాసా చేయించిన నురుగు అది. పెనం మాత్రం తీసేయించాను. దాని మీద పూసే టెఫ్లాన్ దొరికింది 1938లో, నాసా పుట్టింది 1958లో. అయినా పిల్లలన్నాక తప్పులు రాస్తారు, దిద్దుకుంటారు. నాకు బాధ కలిగించినది ఇంకొకటి. ఆ తరగతిలో ఎక్కువమంది వేటకు వెళ్ళే ఇళ్ళవాళ్ళు. చేపలు ఎక్కడ దొరకవచ్చో తమ నాన్న ఫోనుకు వచ్చే సమాచారం వెనక ఉపగ్రహం ఉందని ఒక్కరూ రాయలేదు.

మా తమ్ముడికి ఫైబర్ పడవ ఉంది. రాత్రి భోజనాలయ్యాక ఆ సమాచారం నేను చదివి వినిపిస్తాను. ఫలానా రేవు నుంచి ఏ దిక్కుకు, ఎన్ని కిలోమీటర్లు, అక్కడ లోతు ఎన్ని మీటర్లు అని ఉంటుంది. తమ్ముడు వల చిరుగులు కుట్టుకుంటూ వింటాడు. ‘లోతు నలభై మీటర్లు’ అనగానే చెయ్యి ఆగుతుంది. ‘ఇరవై రెండు బారలు’ అని తనలో తాను అనుకుంటాడు. రెండు చేతులూ చాచినంత పొడవు ఒక బార. మా ఇళ్ళలో లోతుకు అదే లెక్క. ఆ తర్వాతే ఏ వల తీసుకెళ్ళాలి, ఎంత డీజిలు పోయించాలి, ఎంత ఐసు వేసుకోవాలి అన్న మాట మొదలవుతుంది.

ఈ సమాచారం తయారయ్యేది హైదరాబాదులో, సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్‌లో. ఉపగ్రహాలు సముద్రపు రంగును, పైనీటి వేడిని కొలుస్తాయి. శ్రీహరికోట నుంచి 2009లో వెళ్ళిన ఓషన్‌శాట్-2 ఉపగ్రహం ఆ రంగును 720 కిలోమీటర్ల ఎత్తు నుంచి కొలిచింది. 2022 నవంబరులో దాని తర్వాతిది వెళ్ళింది. చల్లటి నీరు, వెచ్చటి నీరు కలిసే చోట కంటికి కనిపించని నాచు పెరుగుతుంది, దాన్ని తినడానికి చిన్న చేపలు చేరతాయి, వాటి వెంట పెద్దవి వస్తాయి. మబ్బు పట్టిన రోజు ఉపగ్రహానికి ఆ రంగు కనిపించదు, కాబట్టి సమాచారమూ రాదు. ‘ఈరోజు ఏమీ లేదేమిటక్కా’ అని తమ్ముడు అడిగితే ఆకాశం వైపు చూపిస్తాను.

మా నాన్న కూడా పచ్చనీరు, నీలినీరు కలిసే గీత కోసమే చూసేవారు. అది దొరికే దాకా తెడ్డు వేయడమే. ఆయన 1996 నవంబరులో వేటకు వెళ్ళారు. నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద విరుచుకుపడింది. ఆయన తిరిగి రాలేదు. భైరవపాలెం లాంటి ఊళ్ళ నుంచి, మా ఊరి నుంచి వెళ్ళిన వందలాది మంది తిరిగి రాలేదు. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. మా ఇంట్లో రేడియో ఉంది, అమ్మ వార్తలు వింటూనే ఉంది. నాన్న పడవలో ఏమీ లేదు.

అందుకే ఈ ఉత్తరం. ఇప్పుడు తుపాను ఎక్కడ పుట్టిందో, ఎటు కదులుతోందో ఉపగ్రహాలు గంటగంటకూ చెబుతున్నాయి. ఆ మాట ఫోను టవరు అందినంత దూరమే వెళుతోంది. ఒడ్డు నుంచి పది, పదిహేను కిలోమీటర్లు దాటితే తమ్ముడి ఫోను మూగబోతుంది. ఆ లోటు తీర్చే పరికరాలు మన శాస్త్రవేత్తలు ఎప్పుడో చేశారు. ఆపదలో మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా బెంగళూరు కేంద్రానికి, అక్కడి నుంచి తీరరక్షక దళానికి కబురు చేరే ఇస్రో పరికరం 2010 నుంచి వాడుకలో ఉంది. పాత పరికరంలో ఒక లోపం ఉండేది. మీట నొక్కినవాడికి తన కేక ఎవరికైనా వినిపించిందో లేదో తెలిసేది కాదు. నడిసముద్రంలో, నీళ్ళు నిండుతున్న పడవలో ఆ మనిషి ఎలా ఉంటాడో నేను చాలా రాత్రులు ఊహించుకున్నాను. 2024 జనవరిలో వచ్చిన కొత్త పరికరం తుపాను హెచ్చరికనూ పడవకు చేరుస్తుంది, ‘మీ కబురు అందింది’ అని జవాబూ ఇస్తుంది. నా దృష్టిలో చంద్రుడి మీద దిగడం ఎంత గొప్పో ఆ ఒక్క జవాబూ అంత గొప్ప.

అదే ఏడాది ఆగస్టులో, లక్ష వేట పడవలకు 364 కోట్ల రూపాయలతో, పడవ జాడ కూడా తెలిపే ఉపగ్రహ పరికరాలు ఉచితంగా ఇచ్చే పథకాన్ని ప్రధాని ప్రారంభించారు. సంతోషం. తమ్ముడి పడవలో మాత్రం ఇంకా ఏమీ లేదు. పెద్ద మరబోట్లకు ఇచ్చి, చిన్న పడవలను ‘తర్వాత చూద్దాం’ అనవద్దని నా మనవి. ముందు మునిగేది చిన్న పడవే.

ఇంకో మాట. మా ఊళ్ళో కొందరు ఈ పరికరం పెట్టించుకోవడానికి జంకుతున్నారు. ‘మేము వల వేసే చోటు అందరికీ తెలిసిపోతుంది’ అంటున్నారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. మంచి చేపల చోటు తండ్రి కొడుకుకు చెప్పే గుట్టు. పడవ జాడ ఎవరు చూస్తారో, ఎందుకు చూస్తారో అధికారులు వారికి ముఖాముఖి చెప్పాలి. సమాచారం చిన్న అక్షరాలలో కాకుండా తెలుగులో గొంతుతో వినిపించాలి, ఎండలో తడిచేతులతో ఫోను తెర చదవడం ఎవరివల్లా కాదు. లోతును మీటర్ల పక్కన బారల్లోనూ చెబితే నాలాంటి అక్క లేని ఇళ్ళలో కూడా అర్థమవుతుంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులూ మగవాళ్ళందరూ ఊళ్ళోనే ఉంటారు. పరికరం బిగించడం, వాడటం నేర్పడం, బ్యాటరీలు చూడటం అప్పుడే జరగాలి. మా బడిలో సాయంత్రం ఐదు తర్వాత గదులు ఖాళీయే. ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి ఉంచాను. నేర్పేవాళ్ళు వస్తే చాలు, ఊరివాళ్ళను నేను పిలుచుకొస్తాను.

— ఒక ఉపాధ్యాయురాలు, కోనసీమ తీరం