కందుకూరు పెద్దాయనకి దండం

నాన్న నెల్లూరు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి పది రోజులు. గుండె ఎడమ పక్క గదుల మధ్య తలుపులాంటి మైట్రల్ వాల్వు తీసి లోహపు వాల్వు వేశారు, గుండెదడ తగ్గడానికి మేజ్ అనే ఆపరేషన్ కూడా అప్పుడే చేశారు. రాత్రిళ్లు నిద్రల్లేక కళ్లు మూతలు పడతా ఉండాయి. అయినా ఇది రాయకుండా పడుకోలేను.

ఆ పెద్దాయన పేరు అడగడమే మర్చిపోయాం. కందుకూరు పక్క పల్లెటూరంట. ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడతా ఉందో చూసేది) దగ్గర బెంచీ మీద మా పక్కన కూర్చున్నాడు. ఆయనదీ లోహపు వాల్వే. మా మందుల కవరు తిప్పి చూసి, "కాయితంలో ఆసిట్రోమ్ 2 అని ఉంది, అట్ట మీద 4 ఉంది. సగానికి విరిచే వేస్తా ఉండారా అబ్బాయా?" అన్నాడు.

లేదు. మాత్ర మాత్రే వేస్తా ఉండాం. ఆసిట్రోమ్ అంటే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర. 2 లేవని 4 మిల్లీగ్రాములవి ఇచ్చి, విరిచి వేయమని కౌంటర్లో ఎవరికో నోటితో చెప్పారంట. దడకిచ్చే ఆమియోడరోన్ అనే మందు కూడా ఆసిట్రోమ్ పనిని పెంచుద్ది. ఆ రోజు రిపోర్టు 5.6. నాన్నకి ఉండాల్సింది 2.5 నుంచి 3.5. డాక్టరు వెంటనే మాత్ర ఆపించి మళ్లీ పరీక్ష రాశారు. ఇంకో వారం చూసుకోకుండా ఉంటే తలలో రక్తం చిమ్మినా చిమ్మేది.

ఆయన తన నోటుపుస్తకంలో రాసుకున్న రెండు పేజీలు చింపి జేబులో పెట్టుకుని, మిగతా పుస్తకం మాకిచ్చాడు. తేదీ, మాత్ర, ఐఎన్ఆర్, మళ్లీ పరీక్ష ఎప్పుడు: నాలుగు గళ్లు తనే గీశాడు. మాత్ర గీత మీద గోరు పెట్టి విరిచి చూపించాడు. ఒక రోజు మరిస్తే మర్నాడు రెండు వేయొద్దు. గోంగూర, తోటకూర మానక్కర్లేదు, వారంవారం ఒకే కొలత తినాలి. మోకాలి నొప్పికి కొట్లో మాత్ర అడగొద్దు. దగ్గొస్తే దిండు రొమ్ముకి అదుముకోవాలి, లేచేటప్పుడు పక్కకి ఒత్తిగిల్లి లేవాలి, ఆపరేషన్లో కోసిన రొమ్ము ఎముక అతికేదాకా బిందె ముట్టొద్దు. ఊపిరి కసరత్తుకిచ్చిన మూడు బంతుల డబ్బా చూసి నవ్వాడు, "ఊదేది కాదు నాయనా, పీల్చేది." మొదటి మూడు నెలల్లో దడ వస్తే ఆపరేషన్ పోయినట్టు కాదని, డాక్టరుకి మాత్రం చెప్పాలని కూడా చెప్పింది ఆయనే. ఇదంతా చెప్పేసరికి ఆయన బస్సు వెళ్లిపోయింది. టీ కూడా తాగలేదు. అమ్మ ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

డిశ్చార్జి కాయితం నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషే. వాటిలో ఒక్క పేజీ తెలుగులో ఇస్తే ఏం పోయింది? మెట్ట ఊళ్ల నుంచి వచ్చే ముసలోళ్లకి ఎవరు చదివి పెడతారు?

అమ్మ, తమ్ముడు, వదిన సంగతి చెప్పేదేముంది, ఇంట్లో వాళ్లే కదా.

కందుకూరు వైపు వాళ్లెవరన్నా ఆయన్ని గుర్తుపడితే, నాన్నకి మొన్న ఐఎన్ఆర్ 2.9 వచ్చిందని చెప్పండి.

అయ్యో, రక్తమిచ్చిన కావలి కుర్రోళ్లు నలుగురిని మరిచా! గతుకు వచ్చిన చోటల్లా నిదానించి తోలిన ఆంబులెన్సు డ్రైవరన్న, వార్డులో ఆయమ్మ కూడా. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మా గేదెలు పితికింది పక్కింటి బాబాయి.