హెడ్డు బిగించే ముందు

శ్రీకాకుళం,
ఆదివారం.

చి. ల. సౌ. పద్మకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి కొంత తగ్గింది. పోయిన ఆదివారం అరసవల్లి వెళ్లి నీ పేర అర్చన చేయించి వచ్చింది. నీ దగ్గర నుంచి ఫోను వచ్చి పంతొమ్మిది రోజులైంది. ఆఫీసులో పని ఎక్కువగా ఉండి ఉంటుందని మీ అమ్మకు నేను, నాకు మీ అమ్మ చెప్పుకుంటున్నాము. అది అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

శ్రీకూర్మంలో బుల్లెమ్మత్త మనవరాలి పెళ్లికి వెళ్లినప్పుడు భోజనాల దగ్గర సత్యం మామయ్య ఒక మాట చెప్పాడు. మన మారుతి కారు గుంటూరు రోడ్డులో వేడెక్కి ఆగిపోయిందని, షెడ్డువాళ్లు చెప్పిన ఖర్చు విని నువ్వే మీ అపార్ట్‌మెంటు కింద దాని ఇంజిను పైమూత, అదే హెడ్డు, విప్పేశావని, హెడ్డు కింద పరిచే కొత్త హెడ్ గ్యాస్కెట్టు, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు తెప్పించి పెట్టుకున్నావని అన్నాడు. ముప్పై ఏళ్లు టాక్సీ నడిపినవాణ్ని నేను ఇక్కడ ఉండగా ఈ కబురు నాకు పెళ్లి భోజనంలో తెలియవలసి వచ్చింది. సరే, అది నిజమో కాదో నువ్వే చెప్పాలి. నిజమైతే మాత్రం ఈ ఉత్తరం పూర్తిగా చదివే వరకు ఒక్క బోల్టు కూడా బిగించవద్దు.

నువ్వు విప్పినందుకు నాకు కోపం లేదు. చిన్నప్పటి నుంచీ నీ చెయ్యి పనిముట్టు మీద నిలుస్తుందని నాకు తెలుసు. కానీ విప్పడంలో పోయేది సమయమే, డబ్బు పోయేదంతా బిగించడంలోనే. అందులోనూ పాత సామాను బాగుచేయడానికి అయ్యే ఖర్చు కంటే, తప్పుగా బిగించిన కొత్త సామాను పాడుచేసిన వాటిని బాగుచేయడానికి అయ్యే ఖర్చు ఎన్నో రెట్లు ఉంటుంది.

ముందుగా, బండి ఎందుకు వేడెక్కిందో తేల్చుకున్నావా? గ్యాస్కెట్టు దానంతటది కాలిపోదు. రేడియేటర్ ఫ్యాను తిరగకపోవడమో, థర్మోస్టాట్ తెరుచుకోకపోవడమో, పంపు కారడమో, రేడియేటర్ పూడుకుపోవడమో జరిగి ఉంటుంది. ఆ కారణం అలాగే ఉండిపోతే కొత్త గ్యాస్కెట్టు కూడా నెల తిరిగేలోగా పోతుంది. మారుతి హెడ్డు అల్యూమినియంది కాబట్టి ఒకసారి బాగా వేడెక్కితే వంగుతుంది. దాని అడుగు భాగం మీద ఉక్కు స్కేలును నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు ఆనించి, కింద సందు కొలిచే ఫీలర్ గేజి రేకు దూరుతుందేమో చూడు. 0.05 మిల్లీమీటర్ల రేకు ఎక్కడైనా సులువుగా దూరితే హెడ్డును లేత్ షెడ్డుకు పంపి చదును చేయించాలి. అక్కడే పగుళ్లు ఉన్నాయేమో కూడా పరీక్ష చేస్తారు. పాత గ్యాస్కెట్టు ముక్కలను స్క్రూడ్రైవరుతోనో ఇనుప పట్టీతోనో గీకవద్దు. అల్యూమినియం మీద గోరంత గీత పడినా, ఆ గీత వెంట నీళ్లు ఆయిల్లోకి దారి చూసుకుంటాయి.

2001లో రథసప్తమికి మూడు రోజుల ముందు జరిగింది నీకు గుర్తుందో లేదో. నీకు అప్పుడు ఎనిమిదేళ్లు. పర్లాకిమిడి బేరం దింపి వస్తూ పాతపట్నం దాటాక మన అంబాసిడరు తెల్లటి పొగ కక్కింది. డీజిల్ బండి, హెడ్ గ్యాస్కెట్టు పోయింది. రథసప్తమి అంటే అరసవల్లికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, ఆ రెండు రోజుల బేరాలతో నాకు నెల గడిచిపోయేది. మేస్త్రి దగ్గరికి వెళితే షెడ్డులో అప్పటికే నాలుగు బళ్లున్నాయి, పండగ దాటాక చూస్తానన్నాడు. ఆగలేకపోయాను. సత్యం మామయ్యను పిలుచుకుని మన పెరట్లో, బాదం చెట్టు కింద, రాత్రి ఎనిమిది గంటలకు పని మొదలుపెట్టాను. కరెంటు పోయింది. నువ్వు నిద్ర మానుకుని టార్చి పట్టుకున్నావు. మానిఫోల్డు నట్లూ, వాటి కింది చిన్న వాషర్లూ నీ స్టీలు గిన్నెలో వేయించి, జాగ్రత్తగా చూడమని నీకే అప్పగించాను. తెల్లవారుజామున రెండున్నరకు మళ్లీ బిగించే వేళ నువ్వు వేళ్ల మీద లెక్కపెట్టి, "నాన్నా, నట్లన్నీ ఉన్నాయి, వాషరు ఒకటి తక్కువుంది" అన్నావు. ఇసుకలో పడి ఉంటుందిలే అన్నాను. నువ్వు మళ్లీ లెక్కపెట్టి మళ్లీ అదే మాట చెప్పావు. వెళ్లి పడుకోమని నిన్ను కసిరాను. పెట్టెలో ఉన్న వేరే వాషరు వేసి బిగించేశాను.

ఆ వాషరు ఇసుకలో పడలేదు. హెడ్డును గోనె మీద పక్కకు తిప్పి పెట్టినప్పుడు గాలి లోపలికి పోయే రంధ్రంలోకి జారింది. ఇంజిను అందుకున్న మరుక్షణంలో లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు వచ్చింది. డీజిల్ ఇంజినులో పిస్టను పైకి వచ్చినప్పుడు దానికీ హెడ్డుకూ మధ్య మిగిలే సందు చాలా తక్కువ, అక్కడ వాషరు పడితే ఇక ఏదీ మిగలదు. స్విచ్చి ఆపేసరికే పిస్టను నెత్తి పగిలింది, ఒక వాల్వు వంగింది, హెడ్డు లోపల గుంటలు పడ్డాయి. గ్యాస్కెట్టు ఖరీదు వందల్లో ఉంటే, బిల్లు పదమూడు వేలు అయింది. మీ అమ్మ గాజులు రెండు బ్యాంకులో పెట్టాము. రథసప్తమి నాడు నేను ఇంట్లో కూర్చున్నాను. ఇన్నేళ్లయినా నాకు ఆ పదమూడు వేలు గుర్తుకు రావు గాని, తెల్లవారుజామున నువ్వు గిన్నె పట్టుకుని నిలబడి చెప్పిన మాట గుర్తుకు వస్తుంది. ఆ రాత్రి నీ లెక్కే సరైనది. కాబట్టి ఇప్పుడు కూడా నీ లెక్కనే నమ్ముకో. విప్పిన ప్రతి బోల్టూ ఏ చోటిదో అట్టముక్క మీద బొమ్మ గీసి, ఆ చోటే గుచ్చి పెట్టు. దుమ్ము పడకుండా రంధ్రాల్లో గుడ్డలు కుక్కితే, ఎన్ని కుక్కావో కాగితం మీద రాసిపెట్టుకుని అన్నీ బయటికి వచ్చాకే హెడ్డు ఎక్కించు. లెక్క తప్పితే, రాత్రి ఎంతైనా సరే, దొరికే వరకు వెతుకు.

ఇక బిగించడం సంగతి. గ్యాస్కెట్టు పెట్టే ముందు పాతదాని మీద కొత్తదాన్ని పరిచి ప్రతి రంధ్రమూ కలుస్తోందో లేదో చూడు. అట్టపెట్టె మీద పేరు సరిగ్గా ఉన్నంత మాత్రాన లోపలి సామాను సరైనదని నమ్మవద్దు. హెడ్డు కూర్చునే ఇంజిను బ్లాకులో బోల్టులు దిగే గుంటల్లో నీళ్లు గాని ఆయిలు గాని నిలిచి ఉంటే పూర్తిగా తీసెయ్యి. నీళ్లు అణగవు కాబట్టి, బోల్టు కిందికి దిగుతున్నప్పుడు ఆ ఒత్తిడికి బ్లాకే పగలవచ్చు, అది పగిలితే బండిని అమ్ముకోవడం తప్ప దారి ఉండదు. ప్రతి బోల్టునూ మొదట వేళ్లతోనే తిప్పు. వేళ్లతో నాలుగు చుట్లు దిగనిదాన్ని పానాతో దింపితే మరలు తెగిపోతాయి. ఆ తర్వాత బిగించే బలాన్ని కొలిచి చూపే టార్క్ రెంచితో, నడిమి బోల్టుల నుంచి మొదలుపెట్టి రెండు పక్కలకూ జరుగుతూ, ఒకేసారి కాకుండా రెండు మూడు విడతలుగా బిగించాలి. ఎంత బలం అన్నది సర్వీసు పుస్తకంలో చూసే చెయ్యి, యూట్యూబులో ఎవరో చెప్పిన అంకె వద్దు. మరో సంగతి, కొన్ని పుస్తకాల్లో కిలోగ్రామ్-మీటర్లలో ఉంటుంది, నీ రెంచి మీద న్యూటన్-మీటర్లు ఉండవచ్చు. ఒక కిలోగ్రామ్-మీటరు అంటే సుమారు 9.8 న్యూటన్-మీటర్లు. ఈ ఒక్క తేడా చూసుకోక బోల్టు విరగ్గొట్టుకున్నవాళ్లను నేను స్వయంగా చూశాను. కొత్త కార్లలో కొన్నింటికి సాగే బోల్టులు వస్తాయి, వాటిని ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు. మన బండి సంగతి కూడా ఆ పుస్తకంలోనే చూసుకో.

నాకు ఎక్కువ భయం టైమింగ్ బెల్టు గురించే. పిస్టన్లు తిప్పే క్రాంకునూ, వాల్వులు తెరిచే క్యామునూ కలిపేది అదే. కింది క్రాంకు పుల్లీ రెండు చుట్లు తిరిగితే పైన క్యాము ఒక్క చుట్టు తిరుగుతుంది, ఆ పొత్తు బెల్టు పళ్లలో ఒక్క పన్ను తప్పినా బండి సరిగా నడవదు. ఇంకా ఎక్కువ తప్పితే, కొన్ని ఇంజిన్లలో పిస్టను వచ్చి వాల్వులను కొడుతుంది. మన ఇంజిను అటువంటిదే అనుకుని పని చెయ్యి. పుల్లీల మీది గుర్తులు రెండూ వాటి చోట్లకు కలిశాక, బెల్టు వేసి, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరు బిగించాక, తాళం చెవి తిప్పవద్దు. ప్లగ్గులు ఊడదీసి, క్రాంకు బోల్టుకు పానా వేసి, ఇంజిను తిరిగే దిక్కుకే చేత్తో నిండుగా రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడు. మధ్యలో ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయకుండా బెల్టు మళ్లీ తీసి మొదటి నుంచి చూసుకో. బెల్టుకు ఆయిలు గాని గ్రీజు గాని అంటనివ్వకు. ఈ రెండు చుట్లు తిప్పడానికి పది నిమిషాలు పట్టదు.

చిన్న చిన్నవి కూడా రాస్తాను. ఆయిలు ఫిల్టరు మారుస్తే పాతదాని రబ్బరు రింగు ఇంజినుకే అతుక్కుని ఉండిపోలేదు కదా అని వేలితో తడిమి చూడు. దాని మీద కొత్తది బిగిస్తే ఆయిలంతా నిమిషాల్లో నేల మీద ఉంటుంది. నీళ్లు కలిసిన ఆయిలు మజ్జిగలా తెల్లబడి ఉంటుంది, అది ఎంత కొత్తదైనా పారబొయ్యి. సీలెంటు ఎక్కువ పూస్తే లోపలికి పొంగిన ముక్కలు ఊడి ఆయిలు పంపు జల్లెడను మూసేస్తాయి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ తీసెయ్యి. తీసెయ్యి అని రాస్తూనే నీ నల్లపూసలు గుర్తుకు వచ్చాయి. బ్యాటరీ దగ్గర అవి రెండు కొనలకూ తగిలితే క్షణంలో ఎర్రగా కాలి మెడను కాలుస్తాయి. నల్లపూసలు, గాజులు, ఉంగరం ఇంట్లో పెట్టి, జడను ముడి వేసుకుని, చున్నీ లేకుండా కిందికి దిగు. జాకీ ఒక్కటే నమ్మి బండి కిందికి దూరవద్దు, స్టాండ్లు పెట్టిన తర్వాతే దూరు. పొద్దున్న టిఫిను తినకుండా మొదలుపెట్టవద్దని మీ అమ్మ రాయమంటోంది.

ఇన్ని రాశాను గాని, మనసులో ఉన్న మాట అడగకుండా ఉండలేకపోతున్నాను. షెడ్డు ఖర్చుకు జంకావంటే ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉందా? అల్లుడుగారి ఉద్యోగం బాగానే ఉందా? ఉంటే సంతోషం. లేకపోతే ఆ మాట సత్యం మామయ్య ద్వారా కాకుండా నీ నోటి వెంట వినాలని ఉంది. నా టార్క్ రెంచి నూనె రాసి గుడ్డలో చుట్టి ఉంది, ఫీలర్ గేజి కూడా. ఆమదాలవలసలో పొద్దున్నే రైలెక్కితే రాత్రికి బెజవాడలో ఉంటాను. నువ్వు టార్చి పట్టుకోనక్కరలేదు, ఈసారి టార్చి నేను పట్టుకుంటాను, నువ్వు లెక్కపెడుదువుగాని.

అప్పటి వరకు క్యాము పుల్లీ గుర్తూ, క్రాంకు పుల్లీ గుర్తూ స్పష్టంగా కనిపించేలా చెరొక ఫోటో తీసి, చినబాబు ఫోనుకు పంపించు. నేను చూసి సరే అనే దాకా స్టార్టు చేయవద్దు.

మీ నాన్న